సవతి కారుకి బ్రేకు పార్టు

మంగళవారం

కారు గోడకి గుద్దుకుంది. ఈయన బతికే ఉన్నారు. ఆడపడుచు బతికే ఉంది. ఇవాళ్టికి ఇంతే.

బుధవారం

వచ్చినవాళ్ళందరికీ ఒకటే కథ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక్కడొకసారి రాసి పారేస్తే నాకైనా వదులుతుంది.

ఈయనా, ఈయన చెల్లెలూ మా నల్లకారులో బజారుకి బయల్దేరారు. దిగుడు రోడ్డు చివర మలుపుంది కదా, అక్కడ ఆపాలి. ఆగలేదు. నేరుగా పోయి పళ్ళకొట్టు గోడలో దూరింది. కొట్టతను అప్పుడే చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళాడట. వెళ్ళకపోయి ఉంటే?

ఈయనకి పక్కటెముకల దగ్గర కమిలిపోయింది, విరగలేదు. ఆడపడుచుకి ముంజెయ్యి విరిగింది, కట్టు కట్టారు. సవతికి మూతి పగిలింది.

సవతి అంటే ఆ కారే. నాకంటే వయసులో పెద్దది. పెళ్ళైన కొత్తలో తుక్కు సామాన్ల మధ్య నుంచి ఏరి తెచ్చుకున్నారు. నాతో ఒక్క పూటైనా తీరిగ్గా కూర్చోని మనిషి, ఆదివారం వస్తే చాలు, దాని కింద వెల్లకిలా పడుకుని దానితో కబుర్లు. దాని బ్రేకులైతే మరీను. విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం. "బండి కదలకపోయినా పర్లేదే, ఆగకపోతేనే కొంప మునుగుతుంది" అనేవారు. సిటీ బస్సు డ్రైవరు కదా. ఇన్నేళ్ళ సర్వీసులో బస్సుకి గీత పడలేదు. కొత్తగా చేరిన డ్రైవర్లని ముందు ఈయన పక్కనే కూర్చోబెడతారు డిపోలో. అందరికీ గురువుగారు.

అలాంటి మనిషికి బ్రేకు ఫెయిలయింది. ఎంత విడ్డూరం!

గురువారం

పొద్దున్నే మంచం మీద నుంచే ఆర్డరు.

"మాస్టర్ సిలిండర్ పోయింది. పాత పార్టుల సందుకి వెళ్ళి కొత్తది పట్రా."

"అదేంటో నాకేం తెలుసండీ?"

"పెడలు తొక్కితే ఆయిల్ని చక్రాల దాకా తోసేది. అది పోతే ఇంక ఏదీ పట్టదు. కారు పేరు చెప్పు, సిలిండరని అడుగు, వాళ్ళే ఇస్తారు."

"మీ మెకానిక్‌కి చెప్తే తనే చూసుకుంటాడుగా?"

"వాణ్ణి చెయ్యి పెట్టనివ్వకు. బండి వాడి షెడ్డులో ఉండనీ అంతే. నేను లేచాక నేనే విప్పుకుంటా. నువ్వు పార్టు మాత్రం సంపాదించు."

పోనీలే, ఇన్నాళ్ళకి ఒక పని నమ్మి అప్పజెప్పారు అనుకుని మురిసిపోయాను. కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి, షాపుకి తాళం వేసి బయల్దేరాను.

పాత పార్టుల సందు మా దర్జీ షాపంత వెడల్పు కూడా ఉండదు. రెండు వైపులా గుమ్మాల్లోంచి సైలెన్సర్లు, హెడ్‌లైట్లు వేలాడుతుంటాయి. నూనె వాసన. తల వంచుకుని నడవాలి. మొదటి కొట్టతను నవ్వాడు.

"ఆ బండి ఇంకా ఉందామ్మా?"

"ఉంది నాయనా, నా నెత్తి మీద."

రెండో కొట్టతను రేపు రమ్మన్నాడు. మూడో ఆవిడ తన కొట్లో ఏముందో తనకే తెలీదంది. ఇంకో అతనైతే సైకిల్ బ్రేకు తీసి చూపించాడు. కాళ్ళు పీక్కుపోయాయి.

శనివారం

దొరికింది. దొరికీ దొరకనట్టు దొరికింది.

సందు చివర ఒక ముసలాయన. ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుంటాడు. కారు పేరు చెప్పగానే అటక మీద నుంచి రెండు అట్టపెట్టెలు దించాడు. రెండిట్లోనూ సిలిండర్లే, కొత్తవే, మైనం కాగితంలో చుట్టి ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏది మీది?"

"మాది అంటే... మా కారుది."

"మీ కారుకి రెండు సైజులు వచ్చాయమ్మా. ఒకటి లావు, ఒకటి సన్నం. సాంపిల్ తెండి, పక్కన పెట్టి చూసి ఇస్తా."

"ఏదో ఒకటి ఇవ్వండి, పట్టకపోతే మారుస్తా."

"బ్రేకు పార్టు. ఏదో ఒకటి ఇవ్వను."

ఇంక ఏం వాదిస్తాను? నా దగ్గరికి వచ్చి "ఇంత లావుంటాడు, ఇంత పొడుగుంటాడు, కుట్టెయ్యి" అనేవాళ్ళని నేనూ అంతేగా. కొలతకి ఆది చొక్కా తెస్తేగానీ కత్తెర పట్టను.

అక్కడి నుంచే ఈయనకి ఫోన్ చేశాను. సాంపిల్ అనగానే కస్సుమన్నారు.

"లావుదే ఇమ్మను."

"ఒకవేళ సన్నదైతేనో?"

"ఇమ్మను అంటున్నానా! విప్పొద్దని చెప్పానా లేదా?"

ఒక నట్టు కొనాలన్నా పాతది జేబులో వేసుకుని తిరిగే మనిషి. అందాజాగా ఇమ్మంటున్నారు. నొప్పి వల్ల చిరాకు, ఇంకేముంటుంది.

వట్టి చేతులతో వచ్చాను.

ఆదివారం

ఆడపడుచు వచ్చింది, మెడలో జోలె, జోలెలో చెయ్యి. వాళ్ళన్నయ్యని చూసి ఏడుస్తుందేమో అనుకున్నా. "ఏరా అన్నయ్యా, నీ రెండో పెళ్ళాం నా చెయ్యి విరగ్గొట్టింది కదరా" అని నవ్వించింది. ఈయన నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

వంటింట్లోకి వచ్చాక నాతో మెల్లిగా అంది.

"వదినా, అన్నయ్యని ఏమీ అనకు. పాపం, ఎంత నొక్కాడో నేను చూశాను. కాలు తీసి తీసి నొక్కాడు. మోకాలు ఇలా బిగుసుకుపోయింది. అది ఆగలేదంతే."

"నువ్వు చూశావా?"

"కళ్ళారా చూశాను."

ఇద్దరం కలిసి సవతిని నాలుగు తిట్లు తిట్టాం. మనసు తేలికపడింది.

సోమవారం

విప్పించాను. ఈయనకి చెప్పకుండా. ఏం చెయ్యను? వచ్చే సోమవారం డ్యూటీలో చేరతారు, ఆ లోపల పార్టు తెచ్చి ఎదురుగా పెడితే సంతోషిస్తారు కదా అనుకున్నాను.

మెకానిక్ ఈయనకి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. ముందు ఒప్పుకోలేదు.

"అన్నయ్య నన్ను చంపేస్తాడు వదినా."

"నువ్వు విప్పకపోతే నేను చంపుతాను. ఏ చావు కావాలో చూసుకో."

విప్పాడు. కింద పళ్ళెం పెట్టాడు. ఆయిల్ డబ్బా మూత తీసి చూసి "నిండుగా ఉందే" అన్నాడు. కారిన మరక ఎక్కడా లేదన్నాడు. సిలిండర్ ఊడదీసి, లోపలి రబ్బర్లు బయటికి తీసి, వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. లోపల అద్దంలా మెరుస్తోంది. నాకు కూడా కనిపించింది. రబ్బరు వేలితో నొక్కితే మెత్తగా లోపలికెళ్ళి మళ్ళీ లేచింది.

"వదినా, దీనికి ఏ రోగమూ లేదు."

"సరిగ్గా చూడవయ్యా."

"మొన్ననే మార్చినట్టుంది. అన్నయ్య చేతి పని కాదూ."

మళ్ళీ బిగించాడు. బ్రేకు పైపుల్లో గాలి తీశాడు. కారుని జాకీ మీద లేపి, చక్రం చేత్తో తిప్పుతూ ఉండమన్నాడు నన్ను. తను లోపల కూర్చుని పెడలు తొక్కాడు. చక్రం నా చేతుల్లో ఠక్కున ఆగిపోయింది. మణికట్టు జివ్వుమంది. ఇంకోసారి. ఠక్కున. అటు వైపు చక్రం. ఠక్కున. వెనకవి కూడా. ఒక్కటంటే ఒక్కటైనా జారలేదు.

మెకానిక్ దిగి నా మొహం చూడలేకపోయాడు. చేతులు తుడుచుకుంటూ "ఒక్కోసారి పైపుల్లో గాలి చేరుతుందిలే వదినా" అన్నాడు. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

బ్రేకు బాగానే ఉంది. బ్రేకు బాగానే ఉంది! మరి కారెందుకు ఆగలేదు?

మంగళవారం

గాలి చేరి ఉంటుంది.

బుధవారం

ఇవాళ కూడా పార్టుల సందుకి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే తెలీదు. రెండు కళ్ళజోళ్ళాయన "సాంపిల్ తెచ్చారా?" అన్నాడు. తెస్తానన్నాను. "పాతది ఎలా పోయింది, లీకా, పట్టేసిందా?" అన్నాడు. లీకు అన్నాను. నా నోటికి అబద్ధం అంత చప్పున ఎలా వచ్చిందో!

పార్టు పోయి ఉంటే ఎంత బావుండేది. ఒక ఇనప ముక్క పోయింది, ఇంకోటి వేశాం, అయిపోయింది అని ఉండేది.

గాలే చేరి ఉంటుంది. మెకానిక్ గాలి తీశానన్నాడు కదా. ముందు ఉన్న గాలి అప్పుడు పోయి ఉంటుంది. అందుకే ఇప్పుడు పట్టింది. అంతే అయ్యుంటుంది.

అయినా ఇంకో ఆలోచన పురుగులా తొలుస్తోంది. కావాలని చేశారా? పక్కన సొంత చెల్లెలిని కూర్చోబెట్టుకుని? ఛీ ఛీ, ఎందుకు చేస్తారు? పైగా నొక్కుతూనే ఉన్నాడని ఆ పిల్లే చెప్పింది. నొక్కారు. బ్రేకు బాగుంది. ఆగలేదు. మూడూ నిజాలే. ఒకదానికి ఇంకోటి అతకదు. మెడ పట్టీ కొలతకి, కాలరు కొలతకి పొంతన లేకపోతే ఎంత లాగినా కుట్టు పడదు. మధ్యాహ్నమంతా మిషను ముందు ఉత్తినే కూర్చున్నాను.

ఈయన్ని అడగలేదు. అడగడానికి భయమేసింది. నాకు! ఈయన్ని అడగడానికి!

గురువారం

దేవుడా.

మళ్ళీ పెన్ను తీశాను. టీ తాగాను. ఇప్పుడు రాయగలను.

పొద్దున ఈయన లేచి కాస్త తిరిగారు. ముందుగదిలో, అంటే నా షాపులో, పేపరు తీసుకుని స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నారు. కుడి పాదం నా వైపు. "సోమవారం నుంచి నాకు కొండ రూటు ఇచ్చారే, డిపో వాళ్ళు ఫోన్ చేశారు, గురువుగారు తప్ప ఎవరూ వద్దన్నారట" అని హుషారుగా చెప్తున్నారు. కాలు ఊపుతున్నారు.

ఆ అరికాల్లో గుండుసూది.

నాదే, అంచులకి పెట్టే సూది. బొటనవేలి కింద కండలో తల దాకా దిగిపోయింది. తెల్ల పూస ఒక్కటే కనిపిస్తోంది. ఈయన కాలు ఊపుతున్నారు. కొండ రూట్లో చల్లగాలి గురించి చెప్తున్నారు.

ముల్లు గుచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఈయన!

"ఏమే, దెయ్యాన్ని చూసినట్టు అలా చూస్తావేం?"

నేను లేచి వెళ్ళి కింద కూర్చున్నాను. పాదం పట్టుకుని సూది లాగాను. బిగుసుకుపోయింది, గట్టిగా లాగాల్సి వచ్చింది. ఒక నెత్తురు బొట్టు లేచింది. ఈయన పేపరు తిప్పుతూ "ఏంటి, పాదపూజా? ఏం కావాలేం?" అని నవ్వారు.

సూది పైకెత్తి చూపించాను.

నవ్వు ఆగిపోయింది. సూది వైపు చూశారు, పాదం వైపు చూశారు. అక్కడ నాకు తెలిసిపోయింది. ఆశ్చర్యపోలేదు ఆ మొహం. దొరికిపోయిన మొహం అది.

శుక్రవారం

పొద్దున అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నాటకాలొద్దు."

చాలాసేపు దిండు సర్దుకున్నారు. షుగరు ఉందని నాకు తెలుసు, మాత్రలు నేనే ఇస్తాను. కాళ్ళ సంగతి మాత్రం నాకు చెప్పలేదు. మొదట తిమ్మిరట. తర్వాత దూది మీద నడుస్తున్నట్టు ఉండేదట.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు దూది కూడా లేదు."

నేను నెత్తి కొట్టుకున్నాను. అరిచాను. "కట్టుకున్నదాన్ని, నాకు చెప్పాలని అనిపించలేదా? డాక్టరుకి చెప్పారా? ఎవరికైనా చెప్పారా?"

"చెప్తే స్టీరింగ్ దగ్గర కూర్చోనిస్తారటే? తీసుకెళ్ళి ఏ స్టోరు రూములోనో పడేస్తారు. లేకపోతే ఇంట్లో కూర్చుని నీ చొక్కాలకి గుండీలు కుట్టాలి."

"కుట్టండి! తప్పేంటి?"

"నాకొచ్చిన పని ఒక్కటే."

అది మెల్లిగా అన్నారు. నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది. అయినా వదల్లేదు.

"సిలిండర్ విప్పించాను. లోపల కడిగిన గ్లాసులా ఉంది. మీరు కాలు తీసి తీసి నొక్కారని మీ చెల్లెలు చూసింది. దేన్ని నొక్కారు? పెడలు పక్కన నేలనా?"

దుప్పటి పాదాల మీదికి లాక్కున్నారు.

"కాలు ఎక్కడుందో తెలీకుండా కొండెక్కుతారా? బస్సు నిండా జనాన్ని వేసుకుని?"

"బస్సు పెడలు వేరు. చేటంత ఉంటుంది. అదెక్కడికి పోతుంది? దీనిది రూపాయి బిళ్ళంత. పైగా ఆ రోజు కొత్త చెప్పులు. నీకేం తెలుసు? నువ్వు మిషను తొక్కుకో."

నేను మిషను తొక్కుతాను. నా కాలి కింద ఏముందో నాకు తెలుసు. ఆ మాట అనబోయి మింగేశాను. ఆ మొహం చూస్తే అనలేకపోయాను.

శనివారం

డిపోకి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

గేటు దగ్గర నుంచే "అమ్మగారు వచ్చారు" అని కుర్చీ వేశారు. డ్యూటీలు వేసే కంట్రోలరు స్వయంగా నీళ్ళు తెప్పించాడు. గురువుగారు లేక డిపో బోసిపోయిందన్నాడు. సోమవారం పొద్దుటి కొండ బస్సు, పైన స్కూలు టీచర్లందరూ అందులోనే వెళ్తారట, "ఆయన చేతిలో ఉంటే నాకు నిశ్చింత" అన్నాడు.

ఆవరణలో ఆ బస్సే ఆగి ఉంది. పొడుగ్గా, ఖాళీ సీట్లతో. నేను చెప్తే ఈయన మొహం ఎవరూ చూడరు. చెప్పకపోతే...

"ఏమన్నా పని మీద వచ్చారా అమ్మా?"

"ఏం లేదు. ఇటు వెళ్తూ వచ్చాను."

ఎటు వెళ్తూ? ఆ డిపో దాటాక రోడ్డే లేదు. వాళ్ళు పనిలో ఉన్నారు, అందుకే చెప్పలేదు. పనిలో ఉన్నవాళ్ళని ఎందుకు కదిలించడం.

పిరికిదాన్ని. ఇంటికి వచ్చి అన్నం కూడా తినలేదు.

ఆదివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

టిఫిన్ చేశాక ఈయనే మొదలుపెట్టారు. రెండు రోజులుగా నేను మూతి ముడుచుకుని తిరుగుతున్నానుగా, భరించలేకపోయారు.

"సరే, తేల్చుకుందాం. నేను కళ్ళు మూసుకుంటా. ఏ వేలు ముట్టుకున్నావో చెప్తా. సరిగ్గా చెప్తే నువ్వింక నోరెత్తకూడదు. రేపు డ్యూటీకి వెళ్తా."

"చెప్పలేకపోతే?"

"చెప్తాను."

మంచం అంచున కూర్చుని రెండు కాళ్ళూ చాపారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు, చిన్నపిల్లలు దాగుడుమూతలకి మూసుకున్నట్టు. నేను కింద కూర్చున్నాను. ముందు ఎడమ కాలు. ఒక్కో వేలూ ముట్టుకుంటూ పోయాను. కొన్ని ఒప్పు చెప్పారు, కొన్ని తడబడ్డారు. తడబడ్డప్పుడల్లా "సరిగ్గా ముట్టుకోవేం" అని నా మీద విసుక్కున్నారు. ఆ కాస్తకే నాకు ఆశ పుట్టింది. నిజం రాస్తున్నాను, ఆశ పుట్టింది. ఎలాగోలా గెలవండి మహానుభావా అనుకున్నాను.

"ఇప్పుడు కుడిది" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి పాదం మసకబారింది. తుడుచుకుందామని రెండు చేతులూ మొహం మీదికి తెచ్చుకున్నాను.

"బొటనవేలు" అన్నారు ఈయన.

నేను ముట్టుకోలేదు.

చేతులు నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టుకున్నాను.

"దాని పక్కది" అన్నారు. మొహంలో చిన్న నవ్వు. "ఇప్పుడు మధ్య వేలు. మెల్లిగా ముట్టుకుంటే కనిపెట్టలేననుకున్నావా?"

నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి.

"ఉంగరం వేలు." గెలుస్తున్నానన్న హుషారు వచ్చేసింది గొంతులో. "ఇది చిటికెన వేలు. అయిపోయిందా? ఇప్పుడేమంటావే?"

కళ్ళు తెరిచారు.

నేను మూరెడు దూరంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నా చేతుల వైపు చూశారు. తన పాదం వైపు చూశారు. ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. అంత భయం ఈయన కళ్ళలో ఎన్నడూ చూడలేదు నేను.

"ఎప్పుడు ఆపావు?" అన్నారు.

"మొదలే పెట్టలేదండీ."

కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకుని కాలు దగ్గరికి లాక్కున్నారు. ఎవరిదో కాలు చూసినట్టు చూశారు. ఇద్దరం ఏడ్చాం. నేను పైకే ఏడ్చాను.

తర్వాత "ఫోన్ ఇలా ఇవ్వు" అన్నారు. నేను చేస్తానన్నాను. వద్దన్నారు. కంట్రోలరు గొంతు బయటికే వినిపిస్తోంది.

"గురువుగారూ! రేపటికి మీ బండి రెడీ. లైనర్లన్నీ కొత్తవి వేయించాను, బ్రేకు భలే పడుతోంది. మీ కారులా మోసం చెయ్యదులెండి."

ఈయన అరచేత్తో కుడి పాదం రుద్దుకుంటున్నారు. లైను కట్టయిందేమో అని అవతల నుంచి హలో హలో అంటున్నాడు.

"రేపటి బండి ఇంకెవరికైనా ఇవ్వవయ్యా" అన్నారు ఈయన. "కారు మోసం చెయ్యలేదు. బ్రేకు బాగానే ఉంది. నా కాలు దాని మీద లేదు."